నెల్సన్ తర్వాత ఎవరిని చదవాలి? బ్రిటిష్ అడ్మిరళ్ల మీద చర్చ

తెరచాప:
అందరికీ నమస్కారం. బ్రిటిష్ నౌకాదళ చరిత్ర నాకు నెల్సన్‌తో మొదలై నెల్సన్ దగ్గరే ఆగిపోయింది. నార్‌ఫోక్‌లో ఒక పల్లెటూరి చర్చి ఫాదరీ కొడుకు. పన్నెండేళ్లకే ఓడెక్కాడు. కోర్సికాలో కంటి చూపు, టెనెరీఫ్‌లో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్‌లో గెలుస్తూనే ప్రాణం వదిలాడు. 27 ఓడలతో 33 ఓడల మీదికి వెళ్లి, తన వైపు ఒక్క ఓడ కూడా పోకుండా గెలవడం ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. మిగతా అడ్మిరళ్లు మాత్రం నాకింకా పేర్లుగానే ఉన్నారు. హో, హుడ్, హాక్, హ్యూస్ అంతా కలగాపులగంగా ఉంది. ఎవరితో మొదలుపెట్టమంటారు?

లంగరు:
ట్రఫాల్గర్ దాటి బయటికి వెళ్లకుండానే మీకు ఇంకో మనిషి దొరుకుతాడు తెరచాప గారూ. కాలింగ్‌వుడ్. ఆ రోజు ఒక ఓడల వరుసను విక్టరీ అనే ఓడ మీద నెల్సన్ నడిపిస్తే, రెండో వరుసను రాయల్ సావరిన్ అనే ఓడ మీద ఈయన నడిపించాడు. శత్రువుల వరుసలోకి ముందు చొచ్చుకెళ్లింది ఈయన ఓడే.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది యుద్ధం వల్ల కాదు, యుద్ధం అయిపోయాక వచ్చిన తుపాను వల్ల. నెల్సన్ పోయాడు, బాధ్యతంతా ఈయన మీద పడింది. తెరచాప స్తంభాలు విరిగిన ఓడలు, పట్టుకున్న ఓడలు, వాటి నిండా గాయపడ్డవాళ్లు, గాలి ఒడ్డు వైపు తోస్తోంది. లంగరు వెయ్యమని నెల్సన్ చివరి గంటల్లో చెప్పాడు. కాలింగ్‌వుడ్ వెంటనే వెయ్యలేదు. పట్టుకున్న ఓడల్లో చాలాభాగం ఆ తుపానులోనే పోయాయి. అందుకని ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను. ఒడ్డు గాలివాలులో ఉన్నప్పుడు, ఇంజను ఉన్న ఓడలోనే ఎంత టెన్షన్‌గా ఉంటుందో తెలుసు. లంగర్లు, వాటి తాళ్లు ఫిరంగి దెబ్బలకు పోయిన ఓడలు అందులో ఎన్నో ఉన్నాయి. వాటికి ఆ ఆజ్ఞ ఇచ్చినా ఉపయోగం ఏముంది? తన సొంత ఓడల్లో ఒక్కటి కూడా పోకుండా ఆయన బయటపడ్డాడు. అది నాకు చాలా పెద్ద విషయం.

ఆయన 1803లో ఇంగ్లండ్ వదిలాక మళ్లీ ఆ నేల మీద కాలు పెట్టలేదు. మధ్యధరా సముద్రంలోనే ఉండిపోయాడు. ఒంట్లో బాగోలేదు, పంపించండి అని అడిగీ అడిగీ, చివరికి సెలవు దొరికి బయల్దేరిన మర్నాడే, 1810 మార్చి 7న, ఓడలోనే కన్నుమూశాడు. ఆయన ఉత్తరాలు తప్పకుండా చదవండి. కూతుళ్ల చదువు గురించి, ఇంటి దగ్గర నాటించిన ఓక్ చెట్ల గురించి, తనతో పాటు ఓడలో తిరిగే బౌన్స్ అనే కుక్క గురించి రాస్తుంటాడు.

తెరచాప:
ఆ కుక్క సంగతి నాకు తెలియదు. ఉత్తరాలు ఈ రోజే వెతుకుతాను, థాంక్సండి.

కోరంగి:
నేనైతే మన తీరం నుంచే మొదలుపెట్టమంటాను. 1804 సెప్టెంబరు 15, విశాఖపట్నం. అడ్మిరల్ లినోయా అనే ఫ్రెంచి ఆయన మరెంగో అనే 74 ఫిరంగుల ఓడ, రెండు ఫ్రిగేట్లు, అంటే వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకలు, వెంటేసుకుని వేరే జెండాలతో వచ్చాడు. ఊరి ముందు సముద్రంలో సెంచూరియన్ అనే 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక, దాని కాపలాలో రెండు వర్తకపు ఓడలు లంగరేసి ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఓడలో లేడు, ఒడ్డున పని మీద ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ అనే ఆయన వాలకం చూసి అనుమానించి ఫిరంగులు సిద్ధం చేయించాడు. బార్నబీ అనే వర్తకపు ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చి అలల్లో ముక్కలైపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండోది పోరాడకుండానే లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఒడ్డున ఉన్న ఫిరంగులు కూడా దానికి తోడు కాల్చాయి. లిండ్ మధ్యలో పడవేసుకుని ఓడ చేరుకున్నాడు. గంటల తరబడి కాల్పులు జరిగాక లినోయా ఆ ఒక్క వర్తకపు ఓడను పట్టుకుని వెళ్లిపోయాడు.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే. అంత బలం ఉండి ఎందుకు వెళ్లిపోయాడు? మరెంగోకు తెరచాప స్తంభం విరిగితే బాగుచేసుకోవడానికి ఆ చుట్టుపక్కల ఫ్రెంచివాళ్లకు రేవు లేదు. మారిషస్ దాకా ఈడ్చుకుపోవాలి. ఆయన ఆ లెక్క వేసుకున్నాడు. అంతకు ముందు ఫిబ్రవరిలో పులో ఆరా దగ్గర కూడా ఇలాగే చేశాడు. చైనా నుంచి వస్తున్న ఈస్ట్ ఇండియా కంపెనీ వర్తకపు ఓడలు యుద్ధనౌకల్లా వరుస కట్టి ఎదురొస్తే వెనక్కి తిరిగాడు. నెపోలియన్‌కు అది చాలా కోపం తెప్పించింది.

డాల్ఫిన్‌నోస్:
కోరంగి గారూ, పుట్టి పెరిగింది విశాఖలోనే, ఆర్కే బీచ్‌లో ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో. ఈ యుద్ధం సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి అందరికీ తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయని మా తాతయ్య చెప్పేవారు. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారట. ఆ 1942 వెనకాల ఉన్న బ్రిటిష్ అడ్మిరల్ ఎవరు?

చుక్కాని:
సోమర్‌విల్. జేమ్స్ సోమర్‌విల్. ఆయన గురించి రాయాలని చాలా కాలంగా ఉంది, మీరు అడిగారు కాబట్టి రాస్తున్నా.

1942 మార్చి ఆఖర్లో ఆయన సిలోన్‌లో ఈస్టర్న్ ఫ్లీట్ బాధ్యత తీసుకున్నాడు. కాగితం మీద అయిదు బ్యాటిల్‌షిప్పులు, మూడు విమాన వాహక నౌకలు. ఆ అయిదూ మొదటి ప్రపంచ యుద్ధం నాటివే, వాటిలో నాలుగు పెద్దగా బాగుచెయ్యని ముసలి ఓడలు. వేగం తక్కువ, తాగునీళ్లకు కూడా కటకటే. ఎదురుగా జపాన్ అడ్మిరల్ నగుమో అయిదు విమాన వాహక నౌకలతో వస్తున్నాడు, పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన అదే దళం. పగలు ఎదురుపడితే సోమర్‌విల్ దళం సాయంత్రానికి మిగలదు. ఆయన మాల్దీవుల్లో అడ్డు అటోల్ అనే రహస్య స్థావరం చుట్టూ తిరుగుతూ, పగలు దూరంగా ఉండి రాత్రి రాడార్ ఉన్న టార్పెడో విమానాలతో కొట్టాలని చూశాడు. ఆ అవకాశం రాలేదు. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడులు జరిగాయి. కార్న్‌వాల్, డోర్సెట్‌షైర్ అనే రెండు క్రూయిజర్లు, హెర్మీస్ అనే విమాన వాహక నౌక మునిగిపోయాయి. ఇదే సమయంలో ఇంకో జపాన్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలోకి వచ్చి వర్తకపు ఓడల్ని వరసగా ముంచింది. విశాఖ, కాకినాడ మీద బాంబులు వేసినవి ఆ దళం విమానాలే. మద్రాసు సగం ఖాళీ అయిపోయింది. మన పెద్దవాళ్లు పిల్లల్ని తీసుకుని పల్లెలకు వెళ్లిపోయిన కథలు చాలా ఇళ్లల్లో ఇంకా చెప్పుకుంటారు.

మన తీరం వాళ్ల దృష్టిలో చూస్తే మమ్మల్ని గాలికి వదిలేశాడు అనిపిస్తుంది. నా అభిప్రాయం అది కాదు. ఆ ఓడలు పోతే హిందూ మహాసముద్రంలో జపాన్ వాళ్లకు ఇంక అడ్డే లేదు. తెలిసి తెలిసి వెనక్కి తగ్గి, చెడ్డపేరు మొయ్యడానికి సిద్ధపడటం ఎదురు వెళ్లి చనిపోవడం కన్నా కష్టం. తెరచాప గారికి నేను ఇచ్చే సలహా కూడా ఇదే. దూకినవాళ్లను చదివారు, ఇప్పుడు ఆగినవాళ్లను చదవండి. బ్రిటిష్ నౌకాదళం అసలు బలం అక్కడే ఉంది.

నిడదవోలు:
ఒప్పుకోను చుక్కాని గారూ. ఆగడం తెలివి అంటే అడ్మిరల్ బింగ్‌ను సొంత నౌకాదళమే ఎందుకు కాల్చి చంపింది? ఆ నౌకాదళం సంప్రదాయమే దూకుడు. హాక్ 1759 నవంబరు 20న ఫ్రాన్స్ తీరంలోని కిబెరాన్ అఖాతంలో ఏం చేశాడు? పెనుగాలి వీస్తోంది, రాళ్లూ ఇసుక తిప్పలూ ఉన్న తెలియని నీళ్లు, పొద్దు గూకుతోంది. ఫ్రెంచివాళ్లు లోపలికి పారిపోతే వాళ్ల ఓడల్నే దారి చూపే గుర్తులుగా పెట్టుకుని వెనకాలే వెళ్లాడు. తనవి రెండు ఓడలు పోయాయి, ఫ్రెంచి దళం కకావికలమైంది. ఆ ఏడాది ఇంగ్లండ్ మీద దండయాత్ర ఆలోచనే ఆగిపోయింది. హాక్ ఆ సాయంత్రం సోమర్‌విల్‌లా ఆలోచిస్తే ఏమయ్యేది?

చుక్కాని:
బింగ్ పేరు మీరే తెచ్చారు కాబట్టి ఆ కథ మొదటి నుంచి చెప్పుకుందాం. అది 1756తో మొదలవదు, 1744లో తూలాన్ అనే ఫ్రెంచి రేవు దగ్గర మొదలవుతుంది. అక్కడ అడ్మిరల్ మాథ్యూస్ శత్రువు తప్పించుకుంటున్నాడని తన వరుస వదిలి మీదికి వెళ్లాడు. వెనక విభాగాన్ని నడిపే లెస్టాక్ మాత్రం ఓడలన్నీ వరుసలోనే ఉండాలన్న జెండా ఇంకా ఎగురుతోందని చెప్పి దూరంగానే ఉండిపోయాడు. కోర్టు మార్షల్‌లో ఏం జరిగిందో చూడండి. పోరాడిన మాథ్యూస్ ఉద్యోగం పోయింది, పోరాడని లెస్టాక్ నిర్దోషి అయ్యాడు.

పన్నెండేళ్ల తర్వాత, 1756 మే 20న, మధ్యధరాలో బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న మినోర్కా దీవి దగ్గర బింగ్ పరిస్థితి అదే. ముందున్న ఓడలు దెబ్బలు తింటున్నాయి. నేరుగా మీదికి వెళ్లమని పక్కనున్న కెప్టెన్ అంటే, మాథ్యూస్‌కు పట్టిన గతి గుర్తుచేసి, వరుస సరిచేసుకుంటూ కాలం గడిపాడు. ఫ్రెంచివాళ్లు జారుకున్నారు. తర్వాత ఆ దీవిలోని బ్రిటిష్ కోటను ఆదుకోకుండా జిబ్రాల్టర్ వెళ్లిపోయాడు, మినోర్కా పోయింది. లండన్‌లో జనం కోపం ప్రభుత్వం మీదికి రాకుండా ఆయన్ని ముందుకు తోశారు. కోర్టు మార్షల్ ఆయన్ని పిరికివాడు అనలేదు. చెయ్యగలిగినంత చెయ్యలేదని తేల్చింది. ఆ నేరానికి కొత్త నిబంధనల్లో మరణశిక్ష తప్ప ఇంకో శిక్ష లేదు. క్షమించమని కోర్టే సిఫారసు చేసింది. రాజు రెండో జార్జి వినలేదు. 1757 మార్చి 14న పోర్ట్స్‌మత్‌లో మోనార్క్ ఓడ మీద మోకాళ్ల మీద కూర్చుని, తన చేతిరుమాలు తానే జారవిడిచి కాల్చమని సైగ చేశాడు.

వరుస వదిలినవాడికి శిక్ష, వరుస పట్టుకున్నవాడికి చావు. ఇందులో దూకుడు సంప్రదాయం ఎక్కడుంది? నాకు కనిపించేది అన్యాయం. హాక్ గొప్పవాడే, అందులో నాకు వేరే మాట లేదు. కానీ హాక్ ఓడిపోయినా ఫ్రెంచివాళ్లను అడ్డుకోవడానికి ఇంగ్లండ్‌కు ఇంకా ఓడలున్నాయి. సోమర్‌విల్ వెనకాల ఎవరూ లేరు.

పోర్ట్స్‌మత్‌తెలుగు:
బింగ్ సమాధి బెడ్‌ఫర్డ్‌షైర్‌లో సౌత్‌హిల్ అనే ఊళ్లో ఉంది. రాజకీయ కక్షకు బలయ్యాడని సమాధి మీద చెక్కించారు. ఆయన వంశంవాళ్లు 2007లో కూడా మరణానంతర క్షమాభిక్ష అడిగారు, ప్రభుత్వం ఇవ్వలేదు.

పోర్ట్స్‌మత్‌కు వచ్చేవాళ్లు విక్టరీ చూడటానికి ఒక పూట పూర్తిగా పెట్టుకోండి. పెద్ద మరమ్మతులు జరుగుతున్నా లోపలికి వెళ్లి చూడనిస్తున్నారు. నెల్సన్ పడిపోయిన చోట డెక్ మీద చిన్న ఇత్తడి ఫలకం ఉంటుంది. ఫిరంగుల అంతస్తులో నాలాంటి మామూలు ఎత్తువాడు కూడా వంగి నడవాల్సిందే. ఎనిమిది వందల పైచిలుకు మంది అందులోనే వండుకుని, తిని, ఊయలల్లో పడుకుని, యుద్ధం చేశారంటే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. గ్రీనిచ్ మ్యూజియంలో నెల్సన్ కోటు ఉంది, ఎడమ భుజం మీద గుండు దూరిన రంధ్రంతో సహా.

డాల్ఫిన్‌నోస్:
చిన్న డౌట్. రియర్ అడ్మిరల్ ఆఫ్ ద బ్లూ, వైస్ అడ్మిరల్ ఆఫ్ ద వైట్ అని వస్తుంటాయి. ఆ రంగులేంటి?

లంగరు:
పాత రోజుల్లో దళాన్ని ఎరుపు, తెలుపు, నీలం అని మూడు భాగాలు చేసేవారు. కింది నుంచి పైకి నీలం, తెలుపు, ఎరుపు. రియర్ అడ్మిరల్‌గా మూడు రంగులూ దాటితే వైస్ అడ్మిరల్ ఆఫ్ ద బ్లూ అవుతారు, మళ్లీ అదే వరస. నెల్సన్ చనిపోయేనాటికి వైస్ అడ్మిరల్ ఆఫ్ ద వైట్. చదివేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి. పోస్ట్ కెప్టెన్, అంటే పూర్తి హోదా ఉన్న కెప్టెన్ అయ్యాక పైకి వెళ్లడం సీనియారిటీ ప్రకారమే. ముందున్నవాళ్లు చనిపోవాలి, తాను బతికుండాలి, అంతే. ఎంత ప్రతిభ ఉన్నా వరస దాటించరు. అందుకే చిన్న వయసులో పోస్ట్ కెప్టెన్ అవ్వడం అంత ముఖ్యం. నెల్సన్ ఇరవయ్యేళ్లకే అయ్యాడు. 1864లో ఆ రంగుల పద్ధతి తీసేశారు. తెల్ల జెండా నౌకాదళానికి, ఎర్ర జెండా వర్తకపు ఓడలకు మిగిలాయి. ఇప్పటికీ రేవుల్లో బ్రిటిష్ సరుకు ఓడ మీద ఎర్రదే కనిపిస్తుంది.

కోరంగి:
చుక్కాని గారి మాటకు ఇంకో సాక్ష్యం. కార్న్‌వాలిస్ అంటే మనకు శాశ్వత శిస్తు, టిప్పుతో యుద్ధం గుర్తొస్తాయి. ఆయన తమ్ముడు విలియం కార్న్‌వాలిస్ అడ్మిరల్. ఇక్కడ ఈస్ట్ ఇండీస్ దళానికి కూడా అధిపతిగా చేశాడు. తర్వాత నెపోలియన్ ఇంగ్లండ్ మీదికి దండెత్తాలని చూసిన రోజుల్లో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు ముందు కాపలా కాసింది ఈయనే. ఏళ్ల తరబడి, చలికాలం తుపాన్లలో కూడా. ఫ్రెంచి దళం రేవులోనే ఉండిపోయింది, యుద్ధం జరగలేదు, కాబట్టి పాటలూ లేవు, విగ్రహాలూ లేవు. ట్రఫాల్గర్ జరగకముందే దండయాత్ర ఆగిపోయింది. 1805 ఆగస్టులోనే నెపోలియన్ సైన్యాన్ని ఆస్ట్రియా వైపు తిప్పేశాడు. దీన్ని సాధించింది ఇలా ఎదురుచూసినవాళ్లే. నెల్సన్ కూడా 1803 జూన్ నుంచి 1805 జూలై దాకా నేల మీద కాలు పెట్టలేదు, అందులో ఎక్కువ కాలం తూలాన్ కాపలాలోనే ఉన్నాడు. ఆ రెండేళ్లు వదిలేసి చివరి అయిదు గంటలే చదివితే మనిషి సగమే తెలుస్తాడు.

తెరచాప:
ఇది నాకు కొత్త కోణం. నెల్సన్ కూడా ఆగినవాళ్లలో ఉన్నాడన్నమాట.

నిడదవోలు:
కాపలా కాయడం వేరు, తప్పుకోవడం వేరు కోరంగి గారూ. కార్న్‌వాలిస్ శత్రువు బయటికి వస్తే కొట్టడానికే అక్కడున్నాడు. 1916 మే 31న జర్మన్ దళంతో జరిగిన జట్లాండ్ యుద్ధంలో బ్రిటిష్ దళాధిపతి జెల్లికో చేసింది తప్పుకోవడం. జర్మన్ టార్పెడోలు వస్తున్నాయని దళాన్ని పక్కకు తిప్పేశాడు, చీకటి పడింది, జర్మన్ అడ్మిరల్ షీర్ ఇంటికి చేరాడు. బ్రిటిష్ వాళ్లవి 14 ఓడలు, ఆరు వేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. జర్మన్లవి 11 ఓడలు, రెండున్నర వేల మంది. ట్రఫాల్గర్‌కు ముందు నెల్సన్ తన కెప్టెన్లకు రాసిందేమిటి? శత్రువు ఓడ పక్కన తన ఓడను నిలబెట్టిన కెప్టెన్ పెద్దగా తప్పు చెయ్యలేడు అని. జెల్లికో దళంలో ఆ చొరవ ఏది?

చుక్కాని:
చొరవ లేదన్న మాట నిజం, దానికి నేను వాదించను. ఆజ్ఞ రాకుండా కదలని అలవాటు ఆ దళంలో బాగా పాతుకుపోయింది. రాత్రి జర్మన్ ఓడల్ని కళ్లారా చూసి కూడా జెల్లికోకు కబురు పెట్టని కెప్టెన్లున్నారు. అది చదువుతుంటే బాధేస్తుంది. కానీ ఆ పక్కకు తిరగడం మాత్రం అప్పటికప్పుడు పుట్టిన భయం కాదు. 1914 అక్టోబరులోనే నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ శాఖకు ఉత్తరం రాశాడు, శత్రువు వెనక్కి తిరిగితే మైన్లు, టార్పెడోల వలలోకి లాగుతున్నాడనుకుని నేను వెంటపడను అని. వాళ్లు సరే అన్నారు. ఆ ఒక్క మధ్యాహ్నంలో యుద్ధం మొత్తం ఓడిపోగల మనిషి రెండు వైపులా ఆయనొక్కడే అని చర్చిల్ తర్వాత రాశాడు. రెండు రోజుల్లో గ్రాండ్ ఫ్లీట్ అనే ఆయన దళం మళ్లీ సముద్రానికి సిద్ధం. జర్మన్ దళం ఆ తర్వాత రెండు మూడుసార్లు బయటికి వచ్చినా, యుద్ధం ముగిసేదాకా జర్మనీ మీద బ్రిటిష్ నౌకా దిగ్బంధం అలాగే నిలబడింది.

నిడదవోలు:
దిగ్బంధం నిలబడిందన్నది ఒప్పుకుంటా. షీర్‌ను వదిలెయ్యడం మాత్రం ఒప్పుకోను.

డాల్ఫిన్‌నోస్:
ఒకటి అడగాలనుంది. మన తీరాన్ని, బెంగాల్‌ను వీళ్ల చేతుల్లో పెట్టినవి ఈ ఓడలే కదా. 1757లో క్లైవ్ వెనకాల కలకత్తాకు దళాన్ని తెచ్చింది అడ్మిరల్ వాట్సన్. చదువుతూ వాళ్లు గెలవాలని కోరుకుంటుంటే మనసులో ఒక చోట ముల్లులా గుచ్చుకుంటుంది. మీకెవరికీ అలా అనిపించదా?

కోరంగి:
అనిపిస్తుంది, అనిపించాలి కూడా. నేను 1782 చదివేటప్పుడు సఫ్రెన్ వైపే ఉంటాను. ఎడ్వర్డ్ హ్యూస్, ఫ్రెంచి సఫ్రెన్ మన తూర్పు సముద్రంలో ఒకటిన్నర ఏడాదిలో అయిదుసార్లు తలపడ్డారు. సద్రాస్, ప్రొవిడియన్, నాగపట్నం, ట్రింకోమలీ, కడలూరు. ఏదీ తేలలేదు. హైదర్ అలీ కడలూరు వచ్చి సఫ్రెన్‌ను కలిశాడు. సఫ్రెన్ మాట అతని కెప్టెన్లు సరిగ్గా విని ఉంటే దక్షిణాది చరిత్ర ఎటు తిరిగేదో. హ్యూస్ మెరుపులాంటి వాడు కాదు, కానీ ప్రతిసారీ దళాన్ని నిలబెట్టుకుని బయటపడ్డాడు. మనం ఎందుకు ఓడిపోయామో అర్థం కావాలంటే మనల్ని ఓడించినవాళ్లను శ్రద్ధగా చదవాలి.

ఇంకోటి, ఆ ఓడల్లో మనవాళ్ల చెమట కూడా ఉంది. బొంబాయిలో వాడియాలు మలబారు టేకుతో కట్టిన యుద్ధనౌకలు బ్రిటన్ ఓక్ ఓడలకన్నా ఎక్కువ కాలం మన్నాయి. 1817 నాటి ట్రింకోమలీ అనే ఓడ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీద ఉంది.

లంగరు:
డెక్ కింద ఉన్నవాళ్లను కూడా మర్చిపోవద్దు. రేవుల్లో నావికుల్ని బలవంతంగా పట్టుకెళ్లి ఓడెక్కించేవారు. వందేళ్లకు పైగా జీతం పెరగలేదు. 1797లో స్పిట్‌హెడ్‌లో దళం మొత్తం లంగరు ఎత్తేది లేదని భీష్మించింది. చివరికి ముసలి అడ్మిరల్ హో ఓడ ఓడకూ పడవలో తిరిగి రాజీ కుదిర్చాడు. జీతం పెరిగింది, క్షమాభిక్ష దొరికింది. నాకు హో చేసిన పనుల్లో 1794లో ఫ్రెంచివాళ్ల మీద గెలుపుకన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

తెరచాప:
నా వరస ఇలా అనుకుంటున్నాను. కాలింగ్‌వుడ్ ఉత్తరాలు, తర్వాత బింగ్ విచారణ, తర్వాత హ్యూస్, సఫ్రెన్. జట్లాండ్ చివర్లో. సరేనా?

నిడదవోలు:
జట్లాండ్‌కు ముందు 1893 పెట్టుకోండి. అడ్మిరల్ ట్రయన్ రెండు వరుసల్ని ఒకదానివైపు ఒకటి తిరగమన్నాడు, మధ్యలో చోటు చాలదు. చాలదని చూసినవాళ్లకు తెలుసు. అయినా క్యాంపర్‌డౌన్ అనే ఓడ వచ్చి ట్రయన్ ఉన్న విక్టోరియాను గుద్దింది, 358 మంది పోయారు, ట్రయన్ కూడా. జ్వరంతో పడుకున్న జెల్లికో ఆ ఓడలోనే ఉండి బతికి బయటపడ్డాడు. కిందివాళ్లు సొంతంగా ఆలోచించాలని దళంలో అందరికన్నా గట్టిగా చెప్పింది ఆ ట్రయనే. ఆయన పోయాక ఆ ఆలోచన కూడా పక్కకు పోయింది. జట్లాండ్‌లో చొరవ ఎందుకు లేదన్న నా ప్రశ్నకు జవాబు అక్కడే వెతకాలి.

చుక్కాని:
ఇందులో నేనూ మీ వైపే. ట్రయన్ మీద వేరే చర్చ మొదలుపెట్టండి నిడదవోలు గారూ, ఆ విచారణలో క్యాంపర్‌డౌన్ వరుసను నడిపిన మార్కమ్ చెప్పిన జవాబుల గురించి నేను రాస్తాను.